తెల్లరంగు పూసిన డ్రమ్ములు

మా ఇంట్లో కోపమంతా నాది, మొండితనమంతా మా అక్కది. కిటికీలకు అద్దాలు బిగించే కొట్లో ఇరవై రెండేళ్లు పనిచేసింది. కూల్చేసిన ఇళ్ల కిటికీలు ఎక్కడ కనపడినా మోసుకొచ్చేది. వీధి వీధంతా ఆమెను "అద్దాలక్క" అనేవాళ్లు. "ఈ చెత్తంతా ఏం చేసుకుంటావే తల్లీ?" అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో! ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

తీరా చూస్తే ఆ కిటికీలన్నీ కలిపి, బడి వెనక ఖాళీ స్థలంలో ఏకంగా ఒక అద్దాల ఇల్లు కట్టేసింది. ఎండ తగిలే వైపంతా అద్దాలు, వెనక మందపాటి ఇటుక గోడ. ఆ గోడ వెంట నీళ్లు నింపిన పద్నాలుగు ఇనప డ్రమ్ములు, అన్నీ కారునలుపు. పొయ్యి లేదు, కరెంటు లేదు. బయట బకెట్లో నీళ్లు గడ్డకట్టే చలిలో లోపల టమాటాలు పండుతున్నాయి, బీన్సు కాస్తోంది! మొదటిసారి చూసి నోరు వెళ్లబెట్టాను.

బడి హెడ్మాస్టరమ్మ ఒక షరతు పెట్టింది. చలికాలం పన్నెండు వారాలూ పిల్లల వంటగదికి ప్రతి గురువారం ఒక గంపెడు తాజా కూరలు రావాలి. వస్తే ఆ స్థలం అక్కకే, ఏడాది పొడుగునా బడి కొనేదీ అక్క కూరలే. ఒక్క వారం తప్పినా అక్కడ బడి బస్సులు నిలుపుకుంటారు. పదకొండు వారాలు గంప తప్పలేదు. అక్క అప్పటికే కొట్లో పని మానేసింది కూడా.

సరిగ్గా ఆఖరి వారమే కూతురి కాన్పని ఊరెళ్లాల్సి వచ్చింది.

"పొద్దున ఎండెక్కాక పైకప్పు కిటికీ రెక్కలు తెరువు. ఎండ దిగకముందే మూసెయ్. గురువారం పొద్దునకల్లా వచ్చేస్తాను. ఇంకేమీ ముట్టుకోకు," అంది.

"ఏం, ముట్టుకుంటే ఏమవుతుంది?"

"ముట్టుకోకు అన్నానుగా!"

అంతే. కారణాలు చెప్పడం అక్క జాతకంలోనే లేదు.

మా ఆయన గోడలకూ బోర్డులకూ రంగులేస్తాడు. పాతబడ్డ వస్తువు కనపడితే చాలు, చేతులు దురదపెడతాయి ఆయనకి. ఆదివారం నాతోపాటు వచ్చి డ్రమ్ముల్ని చూసి మొహం చిట్లించాడు.

"ఏంటే ఇవి, మసిబారిన మూకుళ్లలాగా? గురువారం హెడ్మాస్టరమ్మ బడి కమిటీ వాళ్లని వెంటబెట్టుకొస్తుందంటివి. మా వదిన పరువేం కావాలి?"

సాయంత్రానికల్లా పద్నాలుగు డ్రమ్ములూ పాలలా తెల్లబడ్డాయి. ఒక్కోదాని మీద ఒక్కో పువ్వు. అబద్ధమెందుకు, నాకు తెగ నచ్చింది. "ఇప్పటికి కళ వచ్చింది!" అన్నాను. ముట్టుకోవద్దన్న మాట గుర్తురాకపోలేదు. అది మొక్కల గురించి అన్న మాట కదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గురువారం పొద్దున తలుపు తీశాను. ఆకులన్నీ ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. ముట్టుకుంటే చిత్తడిగా వేళ్లకు అంటుకున్నాయి. మగ్గులో నీళ్ల మీద పల్చటి మంచు పెచ్చు. పరిగెత్తుకెళ్లి మా ఆయన్ని లాక్కొచ్చాను. ఆయన గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"రాత్రి రెక్కలు మూశావా?"

"మూశాను! ఒట్టు, రోజూ మూశాను!"

అంతలో బస్సు దిగి, చేతిలో సంచితోనే అక్క వచ్చేసింది. మొక్కల్ని చూసింది. డ్రమ్ముల్ని చూసింది. ఒక పువ్వు మీద అరచెయ్యి ఆనించింది.

"నలుపైతే ఎండని లాక్కుంటుంది," అంది మెల్లగా. "పగలు ఆ నీళ్లు వేడెక్కి, రాత్రంతా మొక్కలకి వేడినిస్తాయి. తెల్లరంగు ఎండని వెనక్కి కొట్టేసింది. ఈ నాలుగు రోజుల్లో నీళ్లలో ఉన్న వేడంతా అయిపోయింది."

అయ్యో, ఈ ముక్క ముందే చెప్పి ఉంటే! మా ఆయన తల పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

హెడ్మాస్టరమ్మ, కమిటీ నుంచి ఇద్దరూ లోపలికొచ్చారు.

"ఈ రంగు ఎవరు వేశారు?" అంది హెడ్మాస్టరమ్మ, తెల్లరంగు వల్లే మొక్కలు చలికి పోయాయని అక్క చెప్పాక.

అక్క నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. మా ఆయన నోరు తెరవబోతే మోచేత్తో ఒక్క పోటు పొడిచాను. వచ్చే నెల బడి గోడలకు రంగులేసే పని ఆయనకే వచ్చేలా ఉంది మరి.

"నేనే వేయించానండీ," అంది అక్క. "చూడ్డానికి బాగుంటుందని."

నాకు మతిపోయింది. అయినా నోరు విప్పలేదు.

"పదకొండు వారాల కష్టం చేతులారా పాడుచేసుకున్నావు కదమ్మా," అంది హెడ్మాస్టరమ్మ. ఆమె గొంతులోనూ బాధే ఉంది. కానీ షరతు షరతే. నెలాఖరుకి ఖాళీ చెయ్యమంది.

వాళ్లు వెళ్లగానే నేను అక్క మీద విరుచుకుపడ్డాను. అవును, నేనే, సిగ్గులేకుండా.

"నీకేమన్నా పిచ్చా? చెయ్యని తప్పు నెత్తినేసుకుంటావా?"

"నువ్వు చెప్తావేమోనని చూశానే," అంది అక్క. "చాలాసేపు చూశాను."

నిలువునా నీరైపోయాను. అక్క మేకుకి తగిలించిన స్క్రూడ్రైవర్ తీసుకుని స్టూలెక్కి, గుమ్మం పక్క కిటికీ విప్పడం మొదలుపెట్టింది. నేను కింద నిలబడి అద్దం పట్టుకున్నాను.