ఎనిమిదో రాయి

కేకు మీద పేరుండాలన్నది ప్రేమజ్యోతికి చిన్నప్పుడే పట్టుకున్న పట్టింపు. రేపల్లెలో క్రిస్మస్ ముందు వాళ్ల వీధివాళ్లంతా పిండీ పంచదారా గుడ్లూ కలిపి గిలక్కొట్టి, డబ్బాల్లో పోసుకుని బజారులోని బేకరీకి పట్టుకెళ్లేవాళ్లు. ఇళ్లలో ఓవెన్లెక్కడివి? బేకరీ బట్టీలోనే అందరి కేకులూ కాలేవి. డబ్బాల మీద పేర్ల చీటీలు అంటించడం ప్రేమజ్యోతి పని. ఒక ఏడాది చీటీ ఊడిపోయి వాళ్ల కేకు ఎవరింటికో వెళ్లిపోయింది. "పేరు లేని డబ్బా ఎవరి చేతికి దొరికితే వాళ్లదేనే," అని వాళ్లమ్మ ఆ పండగంతా సాధించింది.

ఇప్పుడామెకు నలభై ఒకటి. మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉంటుంది. తెలుగు చర్చిలో ఏ పిల్లల పుట్టినరోజు వచ్చినా కేకు ఆమె ఇంటి నుంచే వెళుతుంది. మనిషి పెద్దగా మాట్లాడదు. క్రీము నింపిన సంచి చేతికిస్తే మాత్రం పేరుని ముత్యాల్లా పేర్చేస్తుంది. అయితే అమెరికా వచ్చిన పదకొండేళ్లలో హాలోవీన్ కేకు ఒక్కటీ చేసి ఎరగదు. ఆ దయ్యాల పండగ మనది కాదని పాస్టరుగారు అక్టోబరు రాగానే గుర్తుచేస్తుంటారు.

ఈసారి అడిగింది భర్త దేవకుమార్.

కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో అతను టీమ్ లీడ్. తనతో కలిపి ఎనిమిదిమంది. శుక్రవారం హాలోవీన్ అని ఆఫీసులో తలా ఒక వంటకం తెచ్చుకుని పార్టీ చేసుకుంటున్నారు. అదే శుక్రవారానికి టీమ్‌లో ఒకరిని తీసేస్తారని నెల రోజులుగా పుకారు. ఆ ఒక్కరూ దేవకుమారే అయితే వీసా మీద మిగిలేది అరవై రోజులు. ఈలోపు ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇల్లు ఖాళీ చేసి, ఎనిమిదేళ్ల కూతురు అబిగేల్‌ని బడి మాన్పించి దేశం వదలాలి. కొత్తగా నాటిన తులిప్ దుంపల్ని చూసినా, అబిగేల్ బడి ఫోటో చూసినా ప్రేమజ్యోతికి ఆ అరవై అంకే కళ్లముందు తిరుగుతోంది.

సోమవారం నుంచి దేవకుమార్ అన్నం సరిగ్గా తినడం లేదు. సాయంత్రం ప్రార్థనలో తన వంతు రాగానే, నువ్వే చెయ్యమని కూతురికి సైగ చేస్తున్నాడు.

"మీకేం కాదుగా?" అని అడిగింది బుధవారం.

"నాకేం కాదు," అన్నాడు. ఆమె అడగడం పూర్తికాకముందే అన్నాడు. "కేకు మాత్రం బాగా చెయ్యి. మేనేజర్ రష్మి కూడా తింటుంది."

కేకు తేలికైనదే. గురువారం మధ్యాహ్నం ప్రేమజ్యోతి రెండు కేక్ మిక్స్ పాకెట్లు కలిపి, నారింజ రంగు వేసి, మూడు గుండ్రటి పళ్లాల్లో కాల్చింది. చల్లారాక ఉబ్బిన పై భాగాలను కుట్టుదారంతో సమంగా కోసింది. పొరల మధ్య వెన్న క్రీము పూసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, చుట్టూ చాక్లెట్ క్రీము పట్టించింది. పైన నల్ల బిస్కెట్ల పొడి చల్లితే తవ్విపోసిన మట్టిలాగే కనిపించింది. ఆ మట్టిలో కోలగా ఉన్న బిస్కెట్లను నిలువుగా గుచ్చితే సమాధి రాళ్లు. ఇంతే కేకు.

సాయం చెయ్యడానికి పక్క వీధి నుంచి చంద్రిక వచ్చింది. ఆమె భర్త జితేందర్ కూడా దేవకుమార్ టీమ్‌లోనే ఉన్నాడు. చంద్రికది వరంగల్. గుడి, చర్చి తేడాల్లేకుండా ఇద్దరూ ఆరేళ్లుగా ఒకరింటి పచ్చడి ఒకరు తింటున్నారు. చంద్రిక క్రీముతో దయ్యాలు చేసి, కళ్లకు చాక్లెట్ గింజలు పెడుతూ కూర్చుంది.

"అక్కా, నా దయ్యం జూడు, అచ్చం మా అత్తమ్మ లెక్క లేదా?"

"నోర్మూసుకో. ఫోన్లో ఉన్నారేమో చూడు ముందు."

ప్రేమజ్యోతి బిస్కెట్లకు తెల్లటి ఐసింగ్ పూస్తోంది. రాయన్నాక సున్నం ఉండాలిగా! ఊళ్లో నవంబరు రెండున సమాధుల పండగకి ఇంటిల్లిపాదీ వెళ్లి రాళ్లకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు. ఆరాక సన్నటి నల్ల క్రీముతో ఒక శిలువ గీసి, కింద పేరు రాయడం మొదలుపెట్టింది. టీమ్‌లో ఎనిమిదిమంది, ఎనిమిది రాళ్లు.

అబిగేల్ కుర్చీ ఎక్కి చూసింది. "మమ్మీ, నేమ్స్ ఎందుకు రాస్తున్నావ్? జస్ట్ ఆర్ఐపీ అని రాస్తారు. రియల్ పీపుల్ నేమ్స్ రాస్తే క్రీపీ ఉంటుంది."

"పేరు లేకపోతే ఎవరి ముక్క ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"ఇట్స్ నాట్ ఫన్నీ, మమ్మీ."

"గట్లనే ఉండనీ అబీ, మస్తుంది," అంది చంద్రిక. "అక్కా, మా ఆయనది ముందట పెట్టు. మీటింగుల ఎప్పుడూ వెనకనే కూసుంటడు. ఇక్కడన్నా ముందు వరసల ఉండనీ."

ప్రేమజ్యోతి నవ్వి, జితేందర్ పేరున్న రాయిని మొట్టమొదట గుచ్చింది. చంద్రిక దాన్ని ఫోటో తీసుకుని, అన్నం వండాలంటూ వెళ్లిపోయింది.

ఏడు పేర్లూ అయ్యాయి. ఎనిమిదో బిస్కెట్ చేతిలోకి తీసుకుంది. శిలువ గీసింది. మొదటి అక్షరం పెట్టబోతే చెయ్యి కదల్లేదు.

నాన్న పోయినప్పుడు మేస్త్రీ ఖర్చు కలిసొస్తుందని ఒకే రాయి మీద అమ్మ పేరు కూడా చెక్కేశాడు. పుట్టిన తేదీ చెక్కి, పక్కన జానెడు ఖాళీ వదిలాడు. అప్పటినుంచి అమ్మ సమాధుల తోట గేటు దాటి లోపలికి రాలేదు. "అది నాకోసం నోరు తెరుచుకుని చూస్తోందే," అనేది. బయటే నిలబడి కొవ్వొత్తి పిల్లల చేతికిచ్చి పంపేది.

ప్రేమజ్యోతి ఎనిమిదో బిస్కెట్‌ని ఒక చిన్న డబ్బాలో పెట్టి మూత వేసింది. మిగిలిన ఏడింటి వంక మళ్లీ చూడలేదు.

మర్నాడు పొద్దున కేకు పెట్టెలో పెడుతూ దేవకుమార్ రాళ్లు లెక్కపెట్టాడు. "నాది లేదేం?"

"మోసుకెళ్లేది మీరేగా. మీకెందుకు?" అంది తేలిగ్గా.

అతను నవ్వలేదు. ముందు వరసలో ఉన్న పేరు చదివి, పెట్టె మూత గబగబా మూసేశాడు.

ఆ రోజంతా ఆమె ఫోన్ పక్కనే ఉంది. రెండున్నరకి మెసేజ్ వచ్చింది. 'ఐయామ్ సేఫ్.' ఆ రెండు మాటలే. ఎవరు పోయారని రాసింది. బదులు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. దేవునికి స్తోత్రం చెప్పుకోబోయి, మధ్యలో ఆపి మళ్లీ ఫోన్ చేసింది.

ఐదింటికి దేవకుమార్ ఇంటికొచ్చాడు. ఖాళీ కేకు పెట్టెని సింకు దగ్గర పెట్టి, నేరుగా స్నానానికి వెళ్లాడు. అప్పటికే వీధిలో వేషాలు వేసుకున్న పిల్లల సందడి మొదలైంది. గంట మోగినప్పుడల్లా అబిగేల్ పరిగెత్తి చాక్లెట్లు పంచుతోంది. ఒక అస్థిపంజరం, ఇద్దరు మంత్రగత్తెలు, తోకతో ఒక డైనోసార్.

ఆ తర్వాత గంట మోగినప్పుడు అబిగేల్ తలుపు తీసి, "మమ్మీ, చంద్రికాంటీ," అంది. "ఆంటీ, నీ కాస్ట్యూమ్ ఏదీ?"

చంద్రిక గడప బయటే నిలబడి ఉంది. ఇంట్లో తిరిగే నైటీ మీదే కోటు వేసుకుంది. చేతిలో పేపర్ నాప్కిన్ మడత.

"లోపలికి రా," అంది ప్రేమజ్యోతి.

"వద్దక్కా." నాప్కిన్ విప్పింది. లోపల తెల్ల బిస్కెట్, శిలువ, జితేందర్ పేరు. ఒక మూల కాస్త చెదిరింది. "నాకు సూపిద్దామని జేబుల పెట్టుకున్నడట పొద్దున. ఒంటిగంటకి హెచ్చార్ పిల్చింది. లాప్‌టాప్ తీస్కొని గేటుదాంక వచ్చి సాగనంపిన్రు. కోటు జేబుల ఇదొక్కటే మిగిలింది."

"చంద్రికా..."

"సిక్స్‌టీ డేస్ అక్కా. నేనేమనను. ఒక్కటి చెప్పు. అన్న రాయి లేదంట గద కేకు మీద. ఎందుకు రాయలే? నీకు ముందుగాల్నే ఎరుకనా?"

"ఒట్టు, నాకు తెలీదు. రాద్దామనే కూర్చున్నా. చెయ్యి రాలేదు."

చంద్రిక నాప్కిన్ మళ్లీ మడిచింది.

"మరి మా ఆయనది ఎట్ల వచ్చిందక్కా?"

బిస్కెట్‌ని నాప్కిన్‌తో సహా ప్రేమజ్యోతి అరచేతిలో పెట్టి, చంద్రిక మెట్లు దిగింది. ఎదురొస్తున్న చిన్న దయ్యాలు పక్కకి జరిగి దారిచ్చాయి.

వంటింట్లోకి వచ్చేసరికి దేవకుమార్ సింకు దగ్గర పెట్టె కడుగుతున్నాడు. అట్టపెట్టె అది, కడగాల్సింది కాదు. తడిసి ముద్దైపోతున్నా నీళ్ల కింద పట్టుకునే ఉన్నాడు.

"మీకు తెలుసా?" అంది.

కొళాయి ఆగలేదు.

"సోమవారం రష్మి పిలిచింది," అన్నాడు చివరికి. "ఒక పేరు ఇమ్మంది. నువ్వివ్వకపోతే పైవాళ్లే రాసుకుంటారు, అది నీదే కావచ్చంది."

"ఇచ్చారా?"

"వాళ్లకి పిల్లల్లేరు, జ్యోతీ. మనకి అబి ఉంది."

అందుకేనా ప్రార్థనలో నోరు పెగల్లేదు! ఆమె అరవలేదు. అరిచే హక్కు తనకుందో లేదో తెలియలేదు. ఇల్లు నిలిచింది, అబిగేల్ బడి నిలిచింది. ఆ అరవై అంకె పక్క వీధికి వెళ్లింది.

చిన్న డబ్బా మూత తీసింది. నిన్నటి ఎనిమిదో బిస్కెట్, శిలువ గీసింది గీసినట్టే ఉంది. సంచిలో నల్ల క్రీము గట్టిపడింది. అరచేతుల మధ్య కాసేపు నలిపి మెత్తబరిచింది. చర్చి పిల్లల పేర్లు రాసేటప్పటిలాగే, వంకర పోకుండా, తొందరపడకుండా భర్త పేరు రాసింది. కింద కాస్త ఖాళీ వదిలింది. దాన్ని జితేందర్ బిస్కెట్ పక్కన, భోజనాల బల్ల మీద అతను కూర్చునే చోట పెట్టింది.

దేవకుమార్ కొళాయి కట్టేసి వచ్చి చూశాడు. కుర్చీ లాగాడు గానీ కూర్చోలేదు.

"మమ్మీ, ఆ కుకీస్ ఎవరివి?" అంటూ అబిగేల్ చెయ్యి చాచింది.

"పేర్లున్నాయి కదా, చదువు," అంది ప్రేమజ్యోతి.

బయట ఎవరో గంట కొట్టారు. మళ్లీ కొట్టారు. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.