కొట్టివేతలు లేని కాగితం

ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడను మేమంతా ఇస్త్రీ పిన్ని అనేవాళ్లం. ముప్పై ఏళ్లుగా అదే పని. అంచుకు అంచు కలవకపోతే దుప్పటి మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టే మనిషి. యాభై ఆరో ఏట, గ్రంథాలయం వెనక గదిలో నేను చెప్పే పెద్దల చదువు క్లాసులో చేరింది.

"నాకొచ్చిన ఉత్తరం నేనే చదువుకోవాలి మాస్టారూ. నా సంగతులు ఇంకొకళ్లు చదివి చెప్పడమేంటి?" అంది మొదటిరోజే.

"నీకు ఉత్తరాలు రాసేదెవరే?" అని పక్కావిడ ఎగతాళి చేసింది.

"రాయకపోతారా, చూద్దాం."

క్లాసు నడిచేది ప్రభుత్వ నిధులతో. ఏడాదికోసారి అధికారి వచ్చి చూసి, వీళ్లకు చదువు వస్తోందని రాస్తేనే మరో ఏడాది. పిన్ని అప్పటికి గుణింతాలు దాటింది. కూడబలుక్కుంటూ చదువుతోంది.

తనిఖీకి ముందురోజు తొమ్మిదిమందికీ గట్టిగా చెప్పాను. "హాజరు కాగితం పైకి వెళ్తుంది. కొట్టివేతలు ఉండకూడదు, జాగ్రత్త." నా నోరు పడిపోయినా బాగుండేది.

అధికారి కాళ్లలో నిప్పులు పోసుకున్నట్టు వచ్చాడు. పాఠం వినలేదు. సంతకాలకు హాజరు కాగితం అందరికీ తిప్పమన్నాడు. నేను ఆయనకు పుస్తకాలు చూపించి తిరిగేసరికి దాని మీద తొమ్మిది వేలిముద్రలు. గ్రంథాలయం పుస్తకాలకు ముద్ర వేసే సిరాతో! ఒక్క సంతకం లేదు.

"ఏడాదిగా చెప్పింది ఇదా మాస్టారూ?" అన్నాడాయన.

"పాడవకూడదన్నారని, బాబూ," అంది పిన్ని. "నా అక్షరాలు ఇంకా వంకర పోతున్నాయి. వేలిముద్రయితే తప్పు పడదని నేనే ముందు వేశాను. నన్ను చూసి వీళ్లూ వేశారు. ఇప్పుడు రాసి చూపిస్తాం."

"పడింది పడిందేనమ్మా," అని ఆయన కాగితం సంచిలో పెట్టుకున్నాడు. కాళ్లావేళ్లా పడ్డాను, వినలేదు. ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. నా మీద అంతకంటే ఎక్కువ.

పిన్ని రెండు రోజులు కూర్చుని సొంత చేత్తో అర్జీ రాసింది. "తప్పు నాది. మాకు చదువు వస్తోంది. క్లాసు ఆపకండి." అందులో ఏడు కొట్టివేతలు. ఒక్కటీ నన్ను దిద్దనివ్వలేదు.

నెల తర్వాత ఆవిడ పేరున జవాబొచ్చింది. కవరు చించకుండా నా దగ్గరికి తెచ్చింది. చెయ్యి చాపితే ఇవ్వలేదు. తనే చించి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది.

"పెద్దల తరగతికి... నిధులు... ఆపివేయడమైనది."

 ఆ కాగితాన్ని అంచుకు అంచు కలిపి మడిచింది.

"నాకొచ్చిన ఉత్తరం నేనే చదివాను కదా మాస్టారూ?"

"చదివావు పిన్నీ," అన్నాను.