అవతలి గట్టున చొక్కా

"...కుక్కని అవతలి గట్టున వదిలేసొచ్చానని నువ్వు నోరు జారితే, రేపట్నించి ఈ గట్టు కూడా మూసేస్తారు. అప్పుడు పందుల్ని ఎక్కడ తరుముతావ్, మన పెరట్లోనా?"

"పెరట్లో ఎందుకు? ఇంట్లోనే ఒకటుందిగా, పొద్దున్నించీ నా మీద గుర్రుమంటూ."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. గ్రేమ్ ఒక కాలికి మేజోడు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని వంటింట్లో తిరుగుతున్నాడు. అతని భార్య నోయెలీన్ కిటికీలోంచి యాంటెనాని ఏటి అవతలి కొండవైపు తిప్పి పట్టుకుని ఉంది. చేతిలోని పెట్టె సన్నగా కీచుమంటోంది. ఆ కీచు వాళ్ళ వేటకుక్క ఫ్లో మెడపట్టీలోని రేడియో నుంచి వస్తోంది.

"రా, లోపలికి రా," అంది నన్ను చూసి. "విను. అక్కణ్ణించి కదలట్లేదు."

"చచ్చిందేమోనే," అన్నాడు గ్రేమ్.

"చస్తే అసలు కదలదు. ఇది నీళ్ళకి వెళ్తుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. చొక్కా దగ్గరికి."

మా లోయలో పంది వేటకి వెళ్ళేవాళ్ళందరికీ ఆ చొక్కా సంగతి తెలుసు. కుక్క తప్పిపోతే, దాన్ని చివరిసారి చూసిన చోట ఒంటిమీది ఉన్ని చొక్కా విప్పి పెట్టి వస్తాం. మర్నాడు వెళ్ళేసరికి కుక్క దాని మీద పడుకుని ఉంటుంది. నోయెలీన్‌కి ఈ పని నేర్పింది వాళ్ళ నాన్న. ఆయన పోయాక ఆయన చొక్కానే తొడుక్కుని తిరిగేది. పగలు బడి వంటశాలలో పని, ఆదివారాలు కొండ. తను కొట్టిన పంది మాంసం తినని ఇల్లు మా ఊళ్ళో లేదు. పెళ్ళయినా, చావైనా ముందు ఆమెకే కబురు.

ఫ్లో శనివారం తప్పిపోయింది. తరుముతున్న పంది ఏట్లో దూకింది, వెనకే కుక్క దూకింది. అవతలి గట్టు కివి పక్షుల అడవి. అక్కడ మనిషి వేటాడొచ్చు గాని, ఎగరలేని ఆ పక్షుల్ని చంపేస్తుందని కుక్క అడుగు పెట్టకూడదు. నోయెలీన్ నడుంలోతు నీళ్ళలో ఏరు దాటి, చీకటిపడే దాకా పిలిచి, ఒక రిము చెట్టు మొదట్లో చొక్కా పరిచి వచ్చేసింది. చేతులు అలవాటుకొద్దీ చేసేశాయి. ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంటే గాని తట్టలేదట, కుక్కని ఉండకూడని చోట ఉండమని తనే చెప్పి వచ్చానని. ఆ రాత్రే వాన పట్టింది. ఏరు గట్లు ఒరుసుకుంటూ పారింది.

మంగళవారానికి కూడా వాన తగ్గలేదు. అవతలి అడవిలో పక్షి గుడ్లు తినేసే పోసమ్‌లనే చెట్టు జంతువులనీ ఎలుకలనీ చంపడానికి హెలికాప్టర్లతో విషపు గుళికలు చల్లుతామని నెల ముందే బోర్డులు పెట్టారు. చల్లడానికి తెరిపి కావాలి. విషం తిన్న పోసమ్‌ని కొరికితే చాలు, కుక్క గిలగిల కొట్టుకుని చస్తుంది. దానికి మందు లేదు. అందుకే నోయెలీన్ రోజూ వాన ఆగకూడదని కోరుకుంది. ఆగకపోతే తనూ ఏరు దాటలేదు.

బుధవారం, అంటే నేను గుమ్మంలో నిలబడ్డ ఆ పొద్దున, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

"ఏరు చూశావా?" అని అడిగింది నన్ను.

"చూశాను. ఇంకా దాటేలా లేదు."

"హెలికాప్టర్‌కి ఏరేం అడ్డం?" అంది.

గ్రేమ్ కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వే చెప్పరా దీనికి. ఆ రోజు హాల్లో లేచి నిలబడి మాటిచ్చింది ఎవరు?"

ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. రెండు గట్లూ కుక్కలకి మూసేస్తామని అడవి శాఖవాళ్ళు ఊరిని పిలిపించి చెప్పారు. మగవాళ్ళందరూ అరిచారు. నోయెలీన్ మాత్రం, "ఈ గట్టు మాకుంచండి. మా కుక్క ఏరు దాటితే నన్నడగండి," అంది. రేంజర్ రావిరి ఆ ఒక్క మాట పట్టుకునే పైవాళ్ళని ఒప్పించాడు. ఏటి ఒడ్డున 'కుక్కలు ఇక్కడితో ఆగాలి' అని ఉన్న పలకకి రంగు వేసింది కూడా ఆమే.

నాకూ రెండు కుక్కలున్నాయి. అవి తిరిగేదీ ఈ గట్టు మీదే.

"ట్రక్కు తాళాలియ్యి," అంది భర్తతో.

"ఇవ్వను. ఒక్క కుక్క కోసం ఊరందరి నోట్లో మట్టి కొడతావా?"

ఆమె నావైపు తిరిగింది. "నీ బండి ఉందిగా?"

ఉంది. దారంతా ఆమె పెట్టెని చెవికి ఆనించుకునే కూర్చుంది. బ్యాటరీ అయిపోవస్తోందేమో, కీచు బలహీనపడింది. మలుపు దగ్గర అసలు ఆగిపోయింది. "ఆపు, ఆపు," అని నా మోచెయ్యి పట్టుకుంది. బండి వెనక్కి తీశాను. మళ్ళీ వినపడింది. అప్పుడు వదిలింది నా చెయ్యి.

హెలికాప్టర్లు దిగే మైదానం గేటు దగ్గర రావిరి నారింజరంగు కోటులో నిలబడి రొట్టె తింటున్నాడు. వెనకాల గుళికల బస్తాని కొక్కేనికి తగిలిస్తున్నారు.

"ఏం నోయెలీన్, మాకు పంది కూర తెచ్చావా?"

"అవతలి గట్టున కుక్కేదైనా కనిపిస్తే ఏం చేస్తారు రావిరీ?"

అతను నమలడం ఆపాడు. "ఎవరిదో తెలీకపోతే మేం వెతకం. ఎదురుపడితే కాల్చేస్తాం." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవరిదో చెప్తే, ఒక్క ట్రిప్పు చల్లడం ఆపించి, హెలికాప్టర్‌లో వెళ్ళి పట్టుకొస్తాం. కానీ చెప్పినవాళ్ళ పేరు పైకి పంపాలి. ఈ గట్టు గురించి ఆ తర్వాత నేనేం ఆపలేను. ఆలోచించుకో. నువ్వేం అడగలేదనుకుంటాను."

హెలికాప్టర్ రెక్కలు తిరగడం మొదలెట్టాయి. మైదానంలో గడ్డి అంతా ఒకవైపుకి ఒరిగింది. నోయెలీన్ నావైపు చూసింది. నేను గేటు చువ్వని చూస్తూ ఉండిపోయాను.

ఆమె పెట్టెని అతని చేతిలో పెట్టి, ఆ హోరులో వినపడేలా గట్టిగా చెప్పింది.

"అది నా కుక్క రావిరీ. చొక్కా కూడా నాదే. పేరు రాసి పంపు."