పెద్దమ్మ ఆదోని కోట ఎక్కిన వాన రోజు

నిన్న ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో వస్తుంటే ముసురు పట్టింది. కిటికీ అద్దం మూయమని వెనక సీటాయన నా మీద విసుక్కున్నాడు. వానను చూసి విసుక్కునే మనుషులు మా వైపు కూడా తయారయ్యారా అని ఆశ్చర్యపోతూ అద్దం లాగాను. అంతలో తడిసిన కొండ మీద కోటగోడ కనిపించింది. మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది.

పెద్దమ్మ వాళ్లది ఆలూరు దారిలో చిన్న పల్లె. కాపురానికి వచ్చిన నాటి నుంచి, మొదట పత్తి బండి మీద, తర్వాత ఆటోలో, ఆదోని మార్కెట్టుకు వచ్చినప్పుడల్లా ఆ కోటను కింద నుంచే చూసింది. ఒక్కసారి ఎక్కాలని ఆమె కోరిక. పెద్దనాయనేమో, రాళ్లు చూడ్డానికి కొండెక్కాలా, మన చేలో లేవా అనేవాడు. కొన్నేళ్ల కిందట, వాన కోసం ఎదురుచూస్తూ పల్లె అంతా చేతులు ముడుచుకుని కూర్చున్న రోజుల్లో, నేనే పట్టుబట్టి ఇద్దరినీ బయల్దేరదీశాను. చిత్రాన్నం మూట కట్టుకున్నాం. గొడుగు మాత్రం పెద్దనాయన ముట్టుకోనివ్వలేదు. విత్తనం వేసే ముందు గొడుగు బయటికి తీస్తే వాన అలిగి వెళ్లిపోతుందని ఆ ఇంట్లో నమ్మకం.

సగం దారి ఎక్కామో లేదో వాన దంచింది. పరుగున వెళ్లి ఒక పాత మండపం కింద నిలబడ్డాం. పెద్దమ్మ మూటను పొట్టకు అదుముకుని చిన్నపిల్లలా నవ్వుతోంది. పెద్దనాయన మొహమూ వెలిగిపోయింది కానీ, కాళ్లు మాత్రం చేని వైపు లాగుతున్నాయి.

"పాండి, పాండి! నేల పదును ఆరకముందే ఇత్తనమెయ్యల్ల. కోట యాడికి పోతాది?"

"కోట యాడికీ పోదు. నా మోకాళ్లే పోతాండాయి," అంది పెద్దమ్మ. "నువ్వు పోవల్లంటే పో. నేను సూసే వస్తా."

ఆయన పోలేదు. గొణుక్కుంటూనే, జారే రాళ్ల మీద ఆమెకు చెయ్యందించి పైదాకా తీసుకెళ్లాడు.

పైన తడిసిన గోడలు, రాళ్ల సందుల్లోంచి పచ్చిగడ్డి వాసన, కింద మసక మసకగా ఊరు. ఏదో నేను కట్టించినట్టు అన్నీ చూపిస్తున్నాను. పెద్దమ్మ మాత్రం ఆలూరు వైపు తిరిగి నిలబడిపోయింది. వాన కొండకు కాస్త దూరంలోనే, గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ అవతలంతా తెల్లటి ఎండ.

"మన దిక్కు ఒక్క సినుకు ల్యాదు," అంది మెల్లగా.

పెద్దనాయన చాలాసేపు అటే చూశాడు. తర్వాత ఆమె చేతిలోని మూట తీసుకుని విప్పాడు.

"తిను. ఇంగ తొందరేముంది."

ఇప్పుడు పెద్దమ్మను మోకాళ్లు గడప దాటనివ్వవు. ఎన్నో ఏళ్లు ఎదురుచూస్తే ఆ కోట మీద ఆమెకు దొరికింది ఒక్క పూట. అందులోనూ సగం, తన చేను మీద పడని వాన కోసం వెతుక్కోవడానికే పోయింది.