సీటు కింద బంతి

జమ్మలమడుగు బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి సంచిలో ఫుట్‌బాల్ ఉంది. మద్రాసు క్లబ్బులో జీతానికి ఆడుతోందట, గోల్ కొట్టే ఫార్వర్డ్‌గా.

“ఇంట్లో నర్సు ట్రైనింగని చెప్పినానక్కా,” అంది.

ప్రొద్దుటూరు ఇంకా రాకముందే దారిలో బస్సాగింది. ఆమె మొహం పాలిపోయింది. “మా చిన్నాయన ఎక్కుతాండాడు!”

కిటికీలోంచి చూస్తూనే బంతిని కిందికి జార్చి, పాదంతో నా కాళ్ల దగ్గరికి తోసింది. చీర కుచ్చిళ్ల చాటున మడమల మధ్య బిగించాను.

ఆయన నేరుగా మా సీటు దగ్గరికొచ్చి ఆమె సంచి లాక్కుని, అడుగునున్న మేకుల బూట్లు బయటికి తీశాడు.

“ఏంది మే ఇవి? నర్సులు ఇట్లాంటివి ఏసుకుంటారా? దిగు, ఇంటికి పోదాం.”

దిగేటప్పుడు ఆమె నావైపు చూడలేదు. బంతి తోసినప్పుడూ చూడలేదు.

ఆ బంతి మా ఇంట్లోనే ఉంది. గాలి తగ్గినప్పుడల్లా సైకిల్ షాపులో కొట్టిస్తూనే ఉన్నాను.