ఉలి పట్టినోళ్లకే చెప్పే లెక్క

మా నాయన రాయిని చూసి రోజులు చెప్తాడు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది, విగ్రహాలు చెక్కే పని. ఎవరైనా వచ్చి మూడడుగుల నంది కావాలంటే, నాయన రాయి చుట్టూ ఒకసారి తిరిగి "ఇరవై రెండు దినాలు" అంటాడు. అంతే. ఎట్లా అని అడిగితే ముఖం మాడ్చుకుంటాడు. లెక్క అడిగేవాడు బేరానికి వచ్చినవాడని మా ఇంట్లో అందరి నమ్మకం. చెప్పిన రోజుకు నంది లారీ ఎక్కడం మాత్రం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే.

ఆ అలవాటే నా కొంప ముంచింది.

నంద్యాలలో డిగ్రీ, ఆ తర్వాత స్టేట్ యూనివర్సిటీలో ఎంబీఏ అయ్యేసరికి నాకు ఇరవై మూడేళ్లు. కంపెనీలకు వ్యాపార సలహాలిచ్చే కన్సల్టింగ్ ఉద్యోగం మీద మనసు పడింది. అలాంటి కంపెనీలు మా క్యాంపస్ గడప తొక్కవు. పెద్ద కాలేజీల పిల్లలకైతే ఉద్యోగాలు వాకిట్లోకి వస్తాయి, మేమేమో మెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలి. నేనూ బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపికగా వెతికి వెతికి రాశాను. జవాబిచ్చింది ఒకే ఒక్క సీనియర్ అక్క. మా యూనివర్సిటీలోనే చదివి హైదరాబాదులో ఆ పని చేస్తున్న మనిషి. ఆమె మాట సాయంతో ఒక వీడియో ఇంటర్వ్యూ దొరికింది.

ఇంట్లో సుత్తి మోతకు ఏమీ వినపడదని నంద్యాల బస్సెక్కి, స్నేహితురాలి గదిలో కూర్చున్నాను. అవతలి పెద్దమనిషి అడిగాడు, మీ ఊరి బస్టాండులో రోజుకు ఎన్ని టీలు అమ్ముడుపోతాయని.

"రెండు వేలు," అన్నాను ఊపిరి తిప్పుకోకుండా.

"ఎలా చెప్పగలవు?"

నాకు ఒళ్లు మండింది. నాతో బేరమాడడానికి ఈయనెవరు అనిపించింది. "అంతే ఉంటాయి సార్," అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను గానీ గొంతు మాత్రం అచ్చం మా నాయనదే. పది నిమిషాల్లో సాగనంపారు.

సీనియర్ అక్క ఫోన్లో చీవాట్లు పెట్టింది. "అంకె ఎవరిక్కావాలి? ఏ దోవన ఆ అంకె దాకా వచ్చావో చూస్తారు. ఇంకో కంపెనీలో అడుగుతాను. అదే ఆఖరు, ఆ తర్వాత నాకు తెలిసినవాళ్లు లేరు."

అన్నట్టే ఇంకో ఇంటర్వ్యూ ఇప్పించింది, దానికి నెల గడువు. అదీ పోతే నంద్యాలలో బ్యాంకు కోచింగే దిక్కు. పుస్తకాలు చదివాను, వీడియోలు చూశాను, ఏదీ తలకెక్కలేదు. చివరికి షెడ్డులోకి పోయాను.

"నాయనా, ఇరవై రెండు దినాలని యెట్ల చెప్తావ్?"

ఆయన ఉలి ఆపలేదు. "నీకేందీ దాంతో పని?"

"ఉద్యోగానికి కావాల."

"ఉలి పట్టినోళ్లకే చెప్పేది అది. మా నాయన నాకట్లే చెప్పినాడు."

మా ఇంట్లో ఆడపిల్లలు ఉలి పట్టరు. ఆ మాట ఆయన అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. గిరుక్కున తిరిగి బయటికి నడిచాను.

"యాడికి పోతాండావ్? దా, ఈడ కూచ్చో."

పనికిరాని రాతిముక్క ఒకటి నా ముందుకు తోసి, తన ఉలీ సుత్తీ చేతికిచ్చాడు. "ఒక దెబ్బ కొట్టు." కొట్టాను. రాయికి గోరంత గాటు పడింది. నా బొటనవేలికి అంతకన్నా పెద్దదే తగిలింది.

"సరే, ఉలి పట్టినావ్," అన్నాడు నాయన నవ్వకుండా. అప్పుడు లెక్క విప్పాడు. రాయిని కొట్టి నంది ఆకారానికి తెచ్చేందుకు ఆరు దినాలు. ఒళ్లు గుండ్రం చేసేందుకు ఐదు. ముఖం చిన్నదే గానీ నాలుగు, తప్పు పోతే రాయి మొత్తం పోయినట్టే. మెడలో గంటలకు మూడు, నునుపు పెట్టేందుకు మూడు.

"ఇరవై ఒకటే గదా నాయనా?"

"ఒక దినం వానకో కరెంటుకో పోతుంది. అది లెక్కలో పెట్టుకోనోడు మాట తప్పుతాడు."

మళ్లీ నంద్యాల, అదే గది. ఈసారి హైదరాబాదులో రోజుకు ఎంతమంది క్షవరం చేయించుకుంటారని అడిగారు. తొందరపడలేదు. ఊరిని ముక్కలు చేశాను: మగవాళ్లెందరు, అందులో పిల్లలెందరు, బట్టతలలెన్ని, ఎవరు ఎన్నాళ్లకోసారి పోతారు. చివర్లో, మంగళవారం షాపులు మూసేస్తారు కాబట్టి వారానికి ఆరు రోజులే లెక్క అన్నాను. అవతలి మేడం పెన్ను ఆపి నవ్వింది. వారం తిరిగేసరికి ఉద్యోగం వచ్చింది.

ఏం పని అని నాయన అడిగితే, ఒక్కో పనికి ఎన్నాళ్లు పడుతుందో, ఎంత కావాలో చెప్పే పని అన్నాను. "నేను చేసేదే గదా. దానికి అంత సదువెందుకు?" అన్నాడు. సంతోషం మాత్రం ఆయన మీసాల్లో దాగలేదు.

పోయిన నెల ఇంటికి వెళ్లినప్పుడు చూస్తే, నా గాటు పడ్డ రాతిముక్క షెడ్డు ముందు విగ్రహాల వరసలో ఉంది. నంది కోసం వచ్చిన ఒక రైతు దాన్ని కాలితో కదిపి, ఇదేంటని అడిగాడు.

"అది అమ్మేది కాదప్పా. మా పాప కొట్టింది."

"ఒక్క గాటే గదా. ఎన్ని దినాలు పట్టిందేంది?" అన్నాడు రైతు ఎగతాళిగా.

నాయన రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇరవై మూడేండ్లు," అన్నాడు.

ఎట్లా అని రైతు అడగలేదు. అడిగినా నాయన చెప్పేవాడు కాదు.