గడువు ఒప్పుకోని పరబ్రహ్మం గారు

పరబ్రహ్మం గారు గడువును ఒప్పుకోరు. వస్తువు పాడైందంటే ఒప్పుకుంటారు. చిరిగిందంటే సూదీ దారం తీస్తారు. తేదీ దాటిందంటే మాత్రం, "ఎవడన్నాడు?" అని తగువుకు దిగుతారు.

ఆయన సినిమా నటులకు బట్టలు సమకూర్చే కాస్ట్యూమర్. ఫిల్మ్‌నగర్‌లోని ఆయన బట్టల గోదాములో ఓ మూల నా కుట్టుమిషను. ఆయన తగువులన్నీ నేను మిషను తొక్కుతూనే విన్నాను.

ఓసారి భార్య రమామణి గారు పారేయమన్న బిస్కెట్ ప్యాకెట్టును గోదాముకు పట్టుకొచ్చారు. "ఈ తేదీ వేసినవాడు మళ్లీ వచ్చి వీటిని చూశాడా మాస్టారూ? కరకరలాడుతున్నాయి" అంటూ టీలో ముంచుకుని తిన్నారు. మేమంతా భయపడి, కృష్ణానగర్ నుంచి వేడివేడి మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నాం. మర్నాడు పనికి రాగలిగింది ఆయనొక్కరే.

వాళ్లింట్లో గోడకు ఎప్పటిదో క్యాలెండర్ ఉంటుంది. బొమ్మ బాగుందని తీయనివ్వరు. దాన్ని చూసి రమామణి గారు ఓసారి ఏకాదశి కాని రోజున ఏకాదశి ఉపవాసం చేశారు. "పుణ్యానికి గడువేమిటే" అన్నారట ఈయన. ఆ పూట ఆయనకూ అన్నం లేదు.

ఇలాంటి మనిషి చేతికి గడువు తీరిన పాస్‌పోర్టు వచ్చింది.

ఒక సినిమావాళ్లు థాయిలాండ్‌లో రెండు పాటలు పెట్టుకున్నారు. ఆ సినిమాకు బట్టలు మావే. షేక్‌పేట నుంచి వచ్చే కౌసల్య ఏళ్ల తరబడి పరబ్రహ్మం గారి దగ్గర అసిస్టెంటు. విదేశీ షూటింగ్ అన్నప్పుడల్లా పెట్టెలు సర్దేది ఆమే. చివరి నిమిషంలో జాబితాలోంచి కొట్టేసే పేరూ ఆమెదే. ఎప్పుడో ఆశపడి సొంతంగా పాస్‌పోర్టు తీయించుకుంది.

"ఇంకో ఏడెనిమిది నెలలైతే అది ఖతం మాస్టర్. ఒక్క ముద్ర గూడ పడలే" అని ఆ ఉదయం నాతో అంది. ఆరు నెలల గడువైనా మిగిలి లేకపోతే విమానం ఎక్కనివ్వరు. అంటే ఆ పాస్‌పోర్టు మీద ముద్ర పడటానికి ఇదే ఆఖరి అవకాశం. పరబ్రహ్మం గారు పక్కనే కూర్చుని బొత్తాలు ఏరుకుంటున్నారు.

మధ్యాహ్నం ప్రొడక్షన్ మేనేజర్ నిఖిల్ వచ్చాడు.

"సార్, కాస్ట్యూమ్స్‌కి ఒక్కటే టికెట్. మీ పాస్‌పోర్ట్ చూపించండి."

ఆయన సొరుగులోంచి తీసి, ఫోటో ఉన్న పేజీ తెరిచి, మూల మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి దూరం నుంచే చూపించారు.

"ఇది ఎక్స్‌పైర్ అయిపోయింది సార్."

"ఎవడన్నాడు?"

"దాంట్లోనే ఉంది కదా సార్."

"ఫోటో నాదేనా?"

"మీదే."

"మా నాన్న పేరేమైనా మారిందా?"

"లేదు సార్, కానీ..."

"మరి గడువు ఎవరికి తీరింది? నాకా, మా నాన్నకా?"

నిఖిల్ నుదురు తుడుచుకున్నాడు. "తత్కాల్‌లో అప్లై చేద్దాం సార్. అన్నీ మేం చూసుకుంటాం."

"ఇది చేతిలో ఉండగా ఇంకోటి అడుక్కోను. మీ నిర్మాతతో ఇదే మాట చెప్పుకో."

"మరి షూటింగ్‌కి ఎవరొస్తారు?"

"కౌసల్య."

"ఆవిడా? హీరోయిన్ మేడమ్‌తో ఆవిడ మేనేజ్ చెయ్యగలదా సార్? అది ఫారిన్."

"ఇక్కడ మీ మేడమ్‌కి కుచ్చిళ్లు పెట్టేదెవరు?"

"ఆవిడే."

"విమానం ఎక్కితే కుచ్చిళ్లు మారతాయా?"

నిఖిల్ ఫోన్ చూసుకున్నాడు. ప్రయాణం వచ్చే వారమే. చేసేది లేక కౌసల్య వైపు తిరిగాడు. "అక్కా, మీ పాస్‌పోర్ట్ ఉందా? వ్యాలిడేనా?"

"ఇప్పటికైతే ఉంది" అంటూ కౌసల్య భుజాన ఉన్న సంచిలోంచి తీసిచ్చింది. రోజూ దాన్ని వెంటబెట్టుకునే తిరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్లిద్దరూ టికెట్ సంగతి మాట్లాడుకుంటూ బయటికి వెళ్లారు. పరబ్రహ్మం గారు బల్ల మీద పెట్టిన పాస్‌పోర్టును నేను చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు పెట్టిన చోట మూల కత్తిరించి ఉంది. కొత్తది ఇచ్చేటప్పుడే పాతదాని మూల అలా కోసి తిరిగి ఇస్తారు.

"కొత్తదేదండీ?" అన్నాను.

"బీరువాలో ఉంది. మెల్లగా మాట్లాడండి."

"అయితే గడువు తీరిందని మీరూ ఒప్పుకున్నారన్నమాట."

"రమామణి ఒప్పుకుంది. నేను సంతకం పెట్టాను, అంతే" అని ఆ పాస్‌పోర్టు లాక్కుని సొరుగులో పడేశారు. "నా కొత్తదానికి పదేళ్లు ఉంది, దానికేం తొందర లేదు. ఆ పిల్లదానికే టైం లేదు."

ఆయన నోట ఒకరి గడువును ఒప్పుకున్న మాట నేను విన్నది అదొక్కసారే.

ప్రయాణం రోజున కౌసల్య విమానాశ్రయం నుంచి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టారు.

"సార్, ముద్ర పడ్డది. గని వంకరగ కొట్టిండు. జర సీదా కొట్టున్రి అంటె నవ్విండు."

"వాళ్లకేం తెలుసమ్మా, అంచు చూసుకుని వేయడం" అన్నారు పరబ్రహ్మం గారు. "అక్కడ దిగగానే ఇంకోటి కొడతారు. కొట్టేటప్పుడు పేజీ నువ్వే తిన్నగా పట్టుకో."

"సరే సార్. గట్టిగనే పట్టుకుంట."